తెరచాప పడవకి చిన్న ప్రొపేన్ సిలిండర్లు: ఏవి కొన్నాం, ఏవి మానేశాం

పడవలో వంటకి సిలిండర్ కొనబోతున్నామంటే అందరూ ముందు అడిగేది "ఎన్నాళ్ళొస్తుంది?" అని. నన్నడిగితే అది మూడో ప్రశ్న. మొదటిది, ఆ సిలిండర్ పడవలో ఎక్కడ కూర్చుంటుంది? రెండోది, ఖాళీ అయ్యాక దాన్ని ఎవరు నింపుతారు? ఈ రెండూ తేలితే సైజు దానంతటదే తేలిపోతుంది.

మాది 27 అడుగుల తెరచాప పడవ. లోపల రెండు బర్నర్ల స్టౌ, వెనక రెయిలింగుకి బిగించిన చిన్న గ్రిల్. తెరచాపలు, ఇంజిన్ మా ఆయన చూసుకుంటారు, గ్యాస్ నేను చూసుకుంటాను. మేం వాడి చూసినవి వాడి పారేసే ఒక పౌండు ఆకుపచ్చ సిలిండర్లు, మళ్ళీ నింపుకోగలిగే ఫ్లేమ్ కింగ్ కంపెనీ ఒక పౌండు సిలిండర్లు, ఐదు పౌండ్ల స్టీలు సిలిండర్లు. పక్క పడవవాళ్ళ కాంపోజిట్ సిలిండర్‌ని కూడా దగ్గర నుంచి చూశాను. ఇవన్నీ అమెరికా ప్రమాణాల సిలిండర్లు కాబట్టి నేను చెప్పే ముద్రలు, వాల్వులు, నియమాలు అక్కడివే.

ముందే చెప్పేస్తాను: స్టౌకి రెండు ఐదు పౌండ్ల స్టీలు సిలిండర్లు, గ్రిల్‌కి మళ్ళీ నింపుకునే ఒక పౌండువి. చిన్న పడవకి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు దొరకలేదు.

ఎందుకో చెప్పాలంటే ప్రొపేన్ స్వభావం దగ్గర మొదలుపెట్టాలి. ఇది గాలికంటే దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. ఇంట్లో లీకైతే తలుపు కింద నుంచో, కిటికీ తెరిస్తేనో బయటికి పోయే అవకాశం ఉంటుంది. పడవ అడుగున తలుపు ఉండదు. లీకైన గ్యాస్ మెల్లగా జారి బిల్జ్‌లో, అంటే పడవ అట్టడుగున నీళ్ళు చేరే చోట, చేరి అక్కడే నిలిచిపోతుంది. ఇంజిన్ స్టార్టరూ, నీళ్ళు తోడే పంపు స్విచ్చూ ఉండేది కూడా అక్కడే. గాలిలో 2 శాతం కంటే కొంచెం ఎక్కువ ప్రొపేన్ చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకి అంటుకుంటుంది.

ఒక పౌండు సిలిండర్ చూడటానికి చాలా చిన్నది, అదేం చేస్తుందిలే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. ఒక పౌండు అంటే 454 గ్రాములు. అదంతా గ్యాస్‌గా మారితే సుమారు 240 లీటర్లు. ఆ 240 లీటర్లు 11 ఘనపు మీటర్ల గాలిని మండే మిశ్రమంగా మార్చగలవు. మా పడవ క్యాబిన్ ఇంచుమించు అంతే ఉంటుంది. అందుకే "చిన్నదేగా, లోపల అరలో పెడదాం" అనే మాట మా పడవలో చెల్లదు. నిండుదైనా, ఖాళీదైనా, సగం వాడిందైనా లోపలికి రాకూడదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను ఎవరితోనూ రాజీపడను.

ఇక ఒక్కో రకం గురించి.

పారేసే ఆకుపచ్చ సిలిండర్లు ఎక్కడైనా దొరుకుతాయి, గ్రిల్‌కి నేరుగా తిప్పి బిగించొచ్చు. అందుకే దాదాపు అందరూ వీటితోనే మొదలుపెడతారు. వీటితో నాకు రెండు ఇబ్బందులు. మొదటిది, సగం వాడి గ్రిల్ నుంచి విప్పితే లోపలి చిన్న వాల్వు ఒక్కోసారి పూర్తిగా మూసుకోదు. సన్నగా గ్యాస్ వదులుతూనే ఉంటుంది. అది ఉప్పుగాలి వల్ల కావచ్చు, ఇరుక్కున్న నలుసు వల్ల కావచ్చు. విప్పిన ప్రతిసారీ సబ్బు నీళ్ళు రాసి చూస్తే కానీ తెలియదు. రెండోది, ఖాళీ డబ్బాలు. దీర్ఘ ప్రయాణంలో అవి పోగుపడిపోతాయి. వాటిని తీసుకునే చోటు దొరకదు, మామూలు చెత్తలో వెయ్యకూడదు. కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో చట్టం చేసి 2028 జనవరి 1 నుంచి వీటి అమ్మకాన్నే ఆపేస్తోంది. నాకు అది సరైన నిర్ణయమే అనిపిస్తోంది.

వీటినే మళ్ళీ నింపుకోవచ్చని చెప్పి ఒక ఇత్తడి అడాప్టర్ అమ్ముతుంటారు. దయచేసి కొనకండి. ఆ సిలిండర్ మీద డాట్-39 అని ముద్ర ఉంటుంది. ఒక్కసారి నింపడానికే తయారుచేసిన పల్చటి డబ్బా అని దాని అర్థం. దాన్ని తిరిగి నింపి రవాణా చెయ్యడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, జైలు శిక్ష దాకా పోతుంది. ఆ హెచ్చరిక డబ్బా మీదే అచ్చేసి ఉంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ డబ్బాకి ఎంతవరకు నిండిందో తెలిపే ఏర్పాటే లేదు. ఎక్కువ నిండితే ఎండలో లోపలి ద్రవం ఉబ్బుతుంది, సేఫ్టీ వాల్వు తెరుచుకుని గ్యాస్ బయటికి చిమ్ముతుంది.

ఫ్లేమ్ కింగ్ ఒక పౌండు సిలిండర్‌లో నాకు నచ్చింది సరిగ్గా ఇక్కడే. మరలు ఆకుపచ్చదానికి ఉన్నవే, కాబట్టి పాత గ్రిల్‌కి, పాత రెగ్యులేటర్‌కి అలాగే సరిపోతుంది. కానీ గోడ మందం, బరువు ఎక్కువ, చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది. మళ్ళీ నింపడానికి అనుమతి ఉన్న తరగతిలో తయారైంది. అన్నిటికంటే ముఖ్యం, వాల్వు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. నింపేటప్పుడు దాన్ని కొంచెం వదులు చేసి ఉంచుతాం. లోపలి ద్రవం సురక్షితమైన మట్టానికి చేరగానే ఆ రంధ్రంలోంచి తెల్లటి పొగమంచులాంటి తుంపర వస్తుంది. అంతే, ఆపెయ్యాలి. మూడు నాలుగు రూపాల్లో ఇలాంటి సిలిండర్లు అమ్ముతున్నారు కానీ, ఆ స్క్రూ లేనిది మాత్రం తీసుకోకండి.

నింపడం ఒడ్డున, ఆరుబయట, గాలి ఆడే చోట మాత్రమే. పడవ మీద ఎప్పుడూ కాదు, మెరీనా చెక్క వంతెన మీద కూడా కాదు. నింపేటప్పుడు స్క్రూలోంచి కొంత గ్యాస్ ఎలాగూ బయటికి పోతుంది, అది పక్క పడవల్లోకి జారితే ఆ పాపం మనదే అవుతుంది. పెద్ద సిలిండర్‌ని తలకిందులు చేసి స్టాండు మీద పెట్టి, కిట్‌తో చిన్నదానికి కలిపితే ద్రవం దిగుతుంది. చిన్నదాన్ని ముందు కాసేపు చల్లగా ఉంచితే త్వరగా దిగుతుంది, ఎందుకంటే చల్లబడితే లోపలి ఒత్తిడి తగ్గుతుంది. చివర్లో తప్పకుండా తూచాలి. సిలిండర్ మీద టీడబ్ల్యూ అని కొట్టిన అంకె ఖాళీ బరువు. దానికి ఒక పౌండు కలిపితే వచ్చేది గరిష్ఠం. త్రాసు అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆ సిలిండర్ పడవెక్కకూడదు, అదనపు గ్యాస్‌ని ఆరుబయటే నెమ్మదిగా వదిలెయ్యాలి. చేతికి తోలు గ్లవ్స్ వేసుకోండి. ద్రవ ప్రొపేన్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 42 డిగ్రీలు, చర్మం మీద పడితే కాలినట్టే గాయమవుతుంది.

దీని లోపం కూడా చెప్పాలి. మీ దగ్గర పెద్ద సిలిండరూ, దాన్ని పెట్టుకోవడానికి ఒడ్డున చోటూ లేకపోతే ఈ చిన్నది అంతగా ఉపయోగపడదు. గ్యాస్ నింపే చోట్లు చాలావరకు ఒక పౌండుదాన్ని ముట్టుకోవు. మా ఊళ్ళు మార్చే ప్రయాణాల్లో ఒకచోట ఆ పనిచేసే పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, మర్యాదగానే వెనక్కిచ్చేశారు. ఆయన పైపుకి దీని మూతి సరిపోదు, మీటరు అంత తక్కువ కొలవదు. కాబట్టి వారాంతాల్లో తిరిగి సొంత రేవుకి చేరేవాళ్ళకి ఇది బాగుంటుంది. నెలల తరబడి నీటి మీదే ఉండేవాళ్ళు దీని మీద ఆధారపడకూడదు.

ఇప్పుడు అసలు సంగతి, ఐదు పౌండ్ల సిలిండర్. దీని గురించి నాకు చెప్పుకోవాలని చాలా ఉంది.

నిలువు దాదాపు 30 సెంటీమీటర్లు, అడ్డం 20. నిండుగా ఉన్నా ఆరు కిలోలే. మామూలు 20 పౌండ్ల బండ నిండితే 17 కిలోలు ఉంటుంది. దాన్ని ఊగే చిన్న రబ్బరు పడవలోకి దించి, ఒడ్డుకి చేర్చి, మళ్ళీ పైకి ఎత్తడం నా వల్ల కాదు. ఐదు పౌండ్లదాన్ని ఒక్క చేత్తో పట్టుకుని రెండో చేత్తో నిచ్చెన ఎక్కుతాను. ఎవరి సాయం లేకుండా, ఎవరికోసం ఎదురుచూడకుండా నింపించుకుని రావచ్చు. పడవ మీద ఇది చిన్న సౌకర్యం కాదు.

ఎన్నాళ్ళొస్తుంది అనే ప్రశ్నకి కూడా జవాబు చెబుతాను. ఒక పౌండు ప్రొపేన్ 21,500 బీటీయూల (వేడిని కొలిచే అమెరికా కొలత) వేడినిస్తుంది. పడవ స్టౌలో ఒక బర్నర్ పూర్తి మంట మీద గంటకి 8,000 బీటీయూలు తీసుకుంటుందనుకుంటే ఒక పౌండు రెండున్నర గంటల పైన, ఐదు పౌండ్లు 13 గంటల పైన వస్తాయి. ఇద్దరు మనుషులకి రోజుకి ఒక గంట మంట అనుకోండి, రెండు వారాలు దాదాపుగా గడుస్తాయి. రెండు సిలిండర్లుంటే ఒకటి ఖాళీ అయిన రోజున రెండోది తగిలించి, రెండు వారాల్లో ఎప్పుడు వీలైతే అప్పుడు నింపించుకోవచ్చు. టెన్షన్ ఉండదు. అదే పది పౌండ్లది ఒక్కటే ఉంటే, అది వంట మధ్యలో అయిపోయినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. మొత్తం గ్యాస్ ఒకటే అయినా రెండుగా ఉండటమే మేలని నేననేది అందుకే.

వాల్వు విషయం. 4 నుంచి 40 పౌండ్ల మధ్య సైజు సిలిండర్లకి అక్కడ ఓపీడీ ఉండాలి, అంటే అతిగా నిండకుండా లోపల ఒక తేలే మీట ఆపుతుంది. పైన తిప్పే పిడి మూడు మూలలుగా ఉంటే ఓపీడీ ఉన్నట్టు గుర్తు. 2002 నుంచి అది లేని నిలువు సిలిండర్లని నింపడం ఆపేశారు, కాబట్టి పాత పడవతో పాటు వచ్చిన గుండ్రటి పిడి సిలిండర్ చూసి మురిసిపోకండి. కొత్త రకం వాల్వుకి పైపు తగిలించే పెద్ద ప్లాస్టిక్ నట్టుని చేత్తోనే బిగించొచ్చు, పానా అక్కర్లేదు. పైపు బిగించనిదే వాల్వు తెరిచినా గ్యాస్ రాదు. ఒక్కటి గుర్తుంచుకోండి: పిడిని గబుక్కున తిప్పితే లోపలి భద్రతా ఏర్పాటు లీకేమో అనుకుని గ్యాస్‌ని బిగపడుతుంది, స్టౌ మీద మంట నీరసంగా వస్తుంది. సిలిండర్ పాడైందని కంగారుపడక్కర్లేదు. అన్నీ మూసి, కాసేపాగి, నెమ్మదిగా తెరిస్తే సర్దుకుంటుంది.

కొత్తది కొన్నాక మొదటిసారి నింపేముందు లోపలి గాలిని తీసెయ్యాలి. దీన్ని పర్జ్ చెయ్యడం అంటారు. కొన్ని కంపెనీ నుంచే అలా వస్తాయి, లేబుల్ మీద రాసుంటుంది. లేకపోతే నింపేచోట ముందే చెప్పండి, చెప్పకపోతే కొందరు అలాగే నింపేస్తారు. అప్పుడు మంట వెలగక, వెలిగినా నిలవక ఇబ్బంది పెడుతుంది. నింపినవాళ్ళు ఎంత పోశారో సరిచూసుకోవడానికి కూడా ముద్రలే ఆధారం. డబ్ల్యూసీ అని కొట్టింది నీళ్ళు ఎన్ని పౌండ్లు పడతాయో చెబుతుంది. దాన్ని 0.42తో గుణిస్తే ప్రొపేన్ ఎంత పట్టాలో వస్తుంది. ఐదు పౌండ్లదాని మీద 11.9 అని ఉంటుంది, గుణించి చూడండి, సరిగ్గా ఐదు.

స్టీలుకి ఉన్న శత్రువు తుప్పు. పైన కాదు, అడుగు రింగు దగ్గర మొదలవుతుంది. అక్కడ నీళ్ళు నిలుస్తాయి, పెయింటు గీసుకుపోతుంది. మేం లాకర్ (పడవలో సిలిండర్లు పెట్టే మూత ఉన్న గూడు) అడుగున రంధ్రాలున్న రబ్బరు చాప వేశాం. ప్రతి సీజన్ మొదట్లో రింగు కింద గీకి పెయింటు వేస్తాను. తుప్పు గుంటలు పడిన సిలిండర్‌ని నింపేవాళ్ళు నిరాకరిస్తే వాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదు, వాళ్ళు చేసేది సరైన పని. తయారీ నెల, సంవత్సరం కాలర్ (వాల్వు చుట్టూ ఉండే స్టీలు పట్టీ) మీద కొట్టి ఉంటాయి, గడువు దాటితే మళ్ళీ పరీక్ష చేయించాలి.

తుప్పు గొడవే వద్దనుకునేవాళ్ళకి అల్యూమినియం ఉంది, కాంపోజిట్ ఉంది. అల్యూమినియం తేలిక, ఉప్పుగాలికి నిలుస్తుంది, కానీ స్టీలు గొలుసుతో కట్టకండి, రెండు లోహాలు ఉప్పునీళ్ళలో కలిస్తే అల్యూమినియం తినేసుకుపోతుంది. కాంపోజిట్ అంటే ప్లాస్టిక్ లోపలి గోడ చుట్టూ గాజునారు చుట్టింది. పక్క పడవలో చూసినప్పుడు నాకు భలే నచ్చింది, వెనక నుంచి టార్చ్ వేస్తే లోపల ద్రవం ఎంత ఉందో కళ్ళకి కనిపిస్తుంది. కొనలేదెందుకంటే, కొందరు నింపేవాళ్ళు దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు, చూడనిదాన్ని నింపరు. పైగా 2013లో అక్కడి రవాణా శాఖ ఒక తయారీదారు కాంపోజిట్ సిలిండర్లన్నిటినీ వాడకం నుంచి వెనక్కి పిలిపించింది. ఇప్పుడు మార్కెట్లో ఉన్నవి వేరే తయారీవే అయినా, సెకండ్ హ్యాండ్‌లో కాంపోజిట్ కనిపిస్తే తయారీదారు ఎవరో చూడకుండా తీసుకోవద్దు.

ఖాళీ ఇచ్చి నిండుది తెచ్చుకునే ఎక్స్‌ఛేంజ్ పద్ధతి ఎక్కువగా 20 పౌండ్లవాటికే ఉంటుంది. చిన్నవాటిని చాలాచోట్ల నింపించుకోవాల్సిందే. అందుకే ప్రయాణానికి ముందు దారిలో నింపే చోట్లు ఎక్కడున్నాయో రాసిపెట్టుకుంటాను. యూరప్ వైపు వెళ్ళేవాళ్ళ లెక్క పూర్తిగా వేరు. అక్కడ రేవుల్లో ఎక్కువగా దొరికేది క్యాంపింగ్ గ్యాజ్ నీలం సిలిండర్, 907 అనే సైజులో 2.75 కిలోల బ్యూటేన్ పడుతుంది, ఎక్స్‌ఛేంజ్ మాత్రమే. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది కాబట్టి చలికాలం పనికిరాదు, రెగ్యులేటర్ కూడా మార్చుకోవాలి.

సిలిండర్ ఎంత మంచిదైనా దాని గూడు సరిగ్గా లేకపోతే వృథా. పడవల ప్రమాణాల సంస్థ ఏబీవైసీ చెప్పేదాని ప్రకారం లాకర్ పైనుంచి మాత్రమే తెరుచుకోవాలి, పడవ లోపలి వైపు ఆవిరి కూడా దూరనంతగా మూసి ఉండాలి. అడుగున కనీసం అర అంగుళం లోపలి వ్యాసమున్న గొట్టం నేరుగా పడవ బయటికి, నీటిమట్టానికి పైన తెరుచుకోవాలి. ఆ గొట్టం మూతికి 20 అంగుళాల లోపల పడవలోకి దారితీసే కిటికీ గానీ, వెంట్ గానీ ఉండకూడదు. మీ లాకర్ ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఒక బకెట్ నీళ్ళు పొయ్యండి. నీళ్ళు ఎటు పోతే గ్యాస్ అటు పోతుంది. అన్నీ బయట పడితే సంతోషం. బిల్జ్‌లో ఒక్క చుక్క కనిపించినా, ఆ దారి మూసేదాకా స్టౌ వెలిగించకండి. పాత పడవల్లో వైర్లు వెళ్ళే రంధ్రాల దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది ఈ దారి. సిలిండర్ కొనేముందు లాకర్ కొలిచేటప్పుడు సిలిండర్ ఎత్తు ఒక్కటే కాదు, పైన రెగ్యులేటర్‌కీ, పిడి తిప్పే చేతికీ చోటు కలిపి కొలవండి. పడవ ఒక పక్కకి వాలినప్పుడు దొర్లకుండా పట్టీ కట్టాలి, నిలువు సిలిండర్ పడిపోతే ఆవిరికి బదులు ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

లాకర్ లేని చిన్న పడవలకి, గ్రిల్ సిలిండర్లకి, వెనక రెయిలింగు బయటివైపు వేలాడదీసే గుడ్డ సంచి సరిపోతుంది. అడుగున పెద్ద రంధ్రాలుండాలి, కింద నీళ్ళు తప్ప ఏమీ ఉండకూడదు. మా ఒక పౌండువి అన్నీ అందులోనే ఉంటాయి, ఇత్తడి మూతలు బిగించి.

ప్రెజర్ గేజ్ తప్పకుండా పెట్టించండి, కానీ అది గ్యాస్ ఎంత మిగిలిందో చెబుతుందని అనుకోకండి. లోపల ఒక్క గరిటెడు ద్రవం ఉన్నా నిండుగా ఉన్నప్పటి ఒత్తిడే చూపిస్తుంది, ఆ రోజు వేడిని బట్టి మాత్రమే మారుతుంది. మిగిలింది తెలుసుకోవడానికి లగేజీ తూచే కొక్కెం త్రాసు చాలు, చూపించిన దాంట్లోంచి టీడబ్ల్యూ తీసెయ్యండి. గేజ్ పనల్లా లీకు పట్టుకోవడం. స్టౌ పిడులు మూసి, సిలిండర్‌నీ, సోలినాయిడ్‌నీ (స్విచ్చుతో తెరిచి మూసే కరెంటు వాల్వు) తెరిచి ముల్లు ఎక్కడుందో చూసుకుంటాను. తర్వాత సిలిండర్ మూసి 15 నిమిషాలు వదిలేస్తాను. ముల్లు కదిలితే ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాస్తాను. సిలిండర్ మార్చిన ప్రతిసారీ, నెలకి కనీసం రెండుసార్లు, పెద్ద అలల్లో ఊగి వచ్చిన మర్నాడు ఇది తప్పదు.

చివరిగా ఒక చేర్పు. ఐదు పౌండ్లదాని నుంచి గ్రిల్‌కి వెళ్ళే పొడవాటి హోస్ దొరుకుతుంది, ఒక చివర పెద్ద నట్టు, రెండో చివర ఒక పౌండు సిలిండర్ మూతిలాంటిది. మా ఆయన "దీంతో చిన్నవి పూర్తిగా మానెయ్యొచ్చుగా?" అన్నారు. లంగరేసి ఒకేచోట ఉన్నప్పుడు మానెయ్యొచ్చు. కానీ ఆ హోస్‌లో ఒత్తిడి రెగ్యులేటర్ తగ్గించిన ఒత్తిడి కాదు, సిలిండర్ లోపలి ఒత్తిడే. లాకర్ మూత తెరిచిపెట్టి, కాక్‌పిట్‌లో, అంటే పడవ నడిపేవాళ్ళు కూర్చునే చోట, కాళ్ళకి అడ్డం పడేలా దాన్ని లాగడం నాకిష్టం లేదు. గ్రిల్‌కి విడిగా, ఆ హోస్ డెక్ బయటి అంచు వెంట వెళ్ళేలా దారి కట్టగలిగితే అప్పుడు కొంటాం. అప్పటిదాకా రెయిలింగు సంచిలోని ఫ్లేమ్ కింగ్ సిలిండర్లే మా గ్రిల్‌కి.